పన్నెండో పేరు

కర్నూలు జిల్లా పడమటి అంచున, మంత్రాలయం మండలంలో ఉన్న మాధవరం మా ఊరు. ఎమ్మిగనూరు నుండి రాయచూరుకు పోయే దారిలో, తుంగభద్రకు దాపున ఉంటుంది. ఏటికి ఆవలి గట్టు కర్ణాటక. అందుచేత మా పలుకులో తెలుగూ కన్నడమూ పడుగూ పేకల్లా కలిసిపోయి ఉంటాయి. నది ఊరి దాపునే పారుతున్నా, మా చేలల్లో చాలావాటికి వాననీరే ఆధారం. మొగులు కరుణిస్తే జొన్న, వేరుసెనగ, పత్తి పండుతాయి. కరుణించకపోతే దసరా, దీపావళి పండుగలు దాటగానే ఇంటింటా మూటలు సిద్ధమవుతాయి.

కన్నడంలో ‘సుగ్గి’ అంటే పంటకోతల కాలం. అది నిండు గాదెలను, పండుగ సంబరాలను తలపించే మాట. మా ప్రాంతంలో ఆ మాటకు మరొక అర్థం స్థిరపడింది. సుగ్గికి పోవడమంటే పొట్ట చేతపట్టుకొని పరాయి జిల్లాకు వలసపోవడం. మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి మా వాళ్ళు లారీలెక్కి గుంటూరు సీమకు పోయేవారు. ఉగాదికి గాని తిరిగి వచ్చేవారు కారు. అంతవరకు ఊళ్ళో ముసలివాళ్ళూ, వాళ్ళ కాపలాలో కొందరు పిల్లలూ మిగిలేవారు. ఆ మిగిలిన పిల్లలలో నేనొకణ్ణి. మా అమ్మానాన్నలు సుగ్గికి పోతే నన్ను మా జేజి సాకింది. ‘వీడొక్కడన్నా చదువుకోనీ’ అని ఆమె పట్టుబట్టకపోతే ఈనాడు ఈ నాలుగు మాటలు రాసేవాణ్ణి కాను.

నా దస్తూరి బాగుండేది. హైస్కూలుకు వచ్చేనాటికే ఊళ్ళో నాకు ఉత్తరాలు రాసిపెట్టే పని తగులుకొంది. సాయంకాలం మా ఇంటి అరుగు మీద కూర్చుంటే అవ్వలూ తాతలూ కార్డులు పట్టుకొని వచ్చేవారు. ‘గొడ్డు ఈనిందని రాయి సామీ’, ‘పిల్లోనికి జొరం తగ్గిందని రాయి నాయనా’ అని చెప్పేవారు. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసి, చివర ‘ఇట్లు’ అని వాళ్ళ పేరు పెట్టేవాణ్ణి. ఎవరైనా ఒక జామకాయో, గుప్పెడు వేయించిన సెనక్కాయలో చేతిలో పెడితే అదే నాకు సన్మానం. ఊరికి ఉపకరిస్తున్నానన్న గర్వం కూడా నాలో ఏ మూలో ఉండేది.

1987లో నేను ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఆదోనిలో గది తీసుకొని ఉండేవాణ్ణి. దీపావళి సెలవులకు ఊరికి వచ్చినప్పుడు మా చిన్నాయన ఒక తెల్లకాగితం తెచ్చి నా ముందుంచాడు. సుగ్గికి వచ్చేవారి పేర్లు మేస్త్రీకి పంపాలి. ఎంతమంది వస్తే అంత బయానా. చిన్నాయన ఒక్కొక్క పేరే చెబుతున్నాడు, నేను వరుస సంఖ్య వేసి రాస్తున్నాను. పదకొండు పేర్లయ్యాయి. పన్నెండో పేరు దగ్గర ఆయన ఒక్క క్షణం ఆగి, తన కూతురి పేరు చెప్పాడు.

ఆ పిల్ల నాకు చెల్లెలు. ఏడో తరగతి అప్పుడే ముగించి ఎనిమిదిలో చేరింది. లెక్కల్లో దిట్ట. నేను కాగితం మీద కూడే లెక్కను తాను నోటితో చెప్పేది. నా కలం ఆగింది. ‘బడి ఉంది కదా చిన్నాయనా?’ అన్నాను. ‘బడి యాడికి పోతాది లేప్పా! అప్పు నిలబడుకోనుంది. నాలుగు చేతులుంటే ఉగాదికి తీరుతాది’ అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, కాఠిన్యం లేదు, ఓడిపోయిన మనిషి అలసట ఉంది. చెల్లెలు గడప దగ్గర నిలబడి నా చేతికేసి చూస్తోంది.

నేను రాశాను. ముత్యాల వంటి అక్షరాలతో, గీత గీసినట్టుగా, పన్నెండో పేరు రాశాను.

ఆమె మళ్ళీ బడికి పోలేదు. ఉగాదికి తిరిగివచ్చేసరికి తోటి పిల్లలు పాఠాల్లో చాలా దూరం పోయారు. మరుసటి ఏడు మళ్ళీ సుగ్గి. ఆ తరువాత పెళ్ళి. నా చదువు మాత్రం నిరాటంకంగా సాగింది.

సెలవులు ముగించుకొని కళాశాలకు పోయాను. ఆ రోజుల్లో మాకు తెలుగు చెప్పే అధ్యాపకులొకరుండేవారు. మితభాషి. పాఠం ముగిసిన తరువాత గంట కొట్టేలోపు మిగిలే అయిదు నిమిషాలను ఆయన ఎన్నడూ వృథా చేయలేదు. ఒకనాడు నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత గీసి, ‘ఎడమ పక్క మీకు చేతనైనవి రాయండి. కుడి పక్క మీ ఊరికి కొదువైనవి రాయండి. పేరు రాయనక్కరలేదు’ అన్నారు. అప్పటిదాకా మమ్మల్ని అందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ‘పెద్దయ్యాక ఏమవుతావు?’ దానికి డాక్టరనో ఇంజనీరనో చిలకపలుకులు పలకడం మాకు అలవాటు. ఈ ప్రశ్న అటువంటిది కాదు.

కుడి పక్క నిమిషాల్లో నిండిపోయింది. తాగునీరు, వైద్యం, రోడ్డు, బడి, బాకీ లేని బతుకు. ఎడమ పక్క నాకు ఏమీ తోచలేదు. చాలాసేపు ఆలోచించి ‘రాయడం’ అని ఒక మాట పెట్టాను. సార్ బెంచీల మధ్య నడుస్తూ నా కాగితం చూసి ఆగారు.

‘ఏం రాస్తావు?’ అని అడిగారు.

‘ఊళ్ళోవాళ్ళకు ఉత్తరాలు రాస్తాను సార్.’

‘వాళ్ళు చెప్పింది రాస్తావా, వాళ్ళకు కావలసింది రాస్తావా?’

నాకు జవాబు దొరకలేదు. గంట కొట్టారు. అందరూ వెళ్ళిపోయారు. నేను మాత్రం కదలలేకపోయాను. ఆ ఖాళీ గదిలో నేను ఆయనకు పన్నెండో పేరు సంగతి చెప్పాను. చెబుతూ ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు, మందలించలేదు. కొంతసేపటికి, ‘ఆ కాగితం నీవు రాయకపోతే ఇంకొకరు రాసేవారు. అది నీ తప్పు కాదు. అయితే, రాయడం తెలిసినవాడు రాయడంతోనే పని అయిపోయిందనుకోవడం తప్పు. నీ విద్యను నీవు ఎవరి పక్షాన నిలబెడతావో తేల్చుకో. అది తేలిన రోజున నీ వృత్తి నీకు దొరుకుతుంది’ అన్నారు.

ఆ ఏడు చలికాలంలో కళాశాల జాతీయ సేవా పథకం శిబిరాన్ని మా ఊళ్ళో పెట్టించారు. మహాత్మాగాంధీ శతజయంతి సంవత్సరమైన 1969లో సెప్టెంబరు 24న ఆ పథకం మన దేశంలో మొదలైంది. ముప్ఫైయేడు విశ్వవిద్యాలయాలలో, సుమారు 40,000 మంది విద్యార్థులతో ఆరంభమైన ఆ పథకానికి కోణార్క సూర్యాలయంలోని రథచక్రం చిహ్నం. ‘నా కొరకు కాదు, నీ కొరకు’ అన్నది దాని ఆశయ సారం. అంతవరకు సేవా పథకమంటే రోడ్డు పక్క ముళ్ళకంపలు నరకడమేనని మేము అనుకొనేవాళ్ళం. సార్ మా చేత కంపలతో పాటు మరొక పని కూడా చేయించారు. ఇంటింటికీ తిరిగి, సుగ్గికి పోకుండా మిగిలిన పిల్లలెందరు, వాళ్ళను చూసుకొనే పెద్దలెవరు, బడి మానినవాళ్ళెందరు అని లెక్క రాయించారు. ఆ లెక్క పట్టుకొని సాయంకాలం మా ఇంటి అరుగు మీదనే ఒక బడి పెట్టాం. ఉత్తరాల అరుగు బడి అరుగు అయింది.

శిబిరం వారం రోజులే. మిత్రులందరూ వెళ్ళిపోయిన తరువాత ప్రతి శనివారం ఆదోని నుండి ఊరికి వచ్చి నేను ఆ పిల్లలకు చదువు చెప్పేవాణ్ణి. అందులో గొప్ప చెప్పుకోవలసిందేమీ లేదు. అరుగు మీదికి వచ్చిన పిల్లలలో కొందరే పదో తరగతి దాకా చదివారు. తక్కినవారిని ఒక్కొక్క ఏడు ఒక్కొక్క లారీ ఎక్కించుకుపోయింది. ఒకరోజు ఎవరూ రాకపోతే లాంతరు ముందు ఒంటరిగా కూర్చున్నాను. సేవ చేసేవాణ్ణి సేవ అందుకొనేవాళ్ళు పూలదండలతో ఎదుర్కొంటారని ఎవరైనా అనుకొంటే పొరపాటు. అయితే ఆ అరుగు మీద నాకొక సంగతి తెలిసింది. ఒక పిల్లవాడికి భాగాహారం అర్థమైన క్షణాన అతని ముఖంలో వెలిగే కాంతి కోసం నేను ఎన్ని శనివారాలైనా వేచి ఉండగలను. అది తెలిసిన తరువాత ‘ఏమవుతావు?’ అన్న ప్రశ్నకు నాకు మరొక జవాబు అక్కరలేకపోయింది.

విద్యార్థులారా! ఉపాధి వేరు, వృత్తి వేరు అని నేననను. పూట గడవని ఇంట పుట్టినవాణ్ణి గనుక జీతం విలువ నాకు తెలుసు. కుటుంబాన్ని పోషించుకోవడం కూడా ధర్మమే. కాని, చేతనైన పనికీ, లోకానికి కావలసిన పనికీ మధ్య ఉన్న గీతను చెరిపివేసిన వారిని చూసినప్పుడు, జీతం ఇవ్వలేని తృప్తి ఒకటున్నదని అర్థమవుతుంది.

దూరం పోనక్కరలేదు. మాకు కూతవేటు దూరంలో ఉన్న ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. నూలు అప్పుగా తెచ్చుకొని, నేసిన బట్టను అప్పు ఇచ్చినవానికే అతడు చెప్పిన ధరకు అమ్ముకోవలసివస్తే నేతగాడి కష్టం ఎన్నటికీ తీరదు. 1938లో మాచాని సోమప్పగారు అక్కడ చేనేత కార్మికుల సహకార సంఘాన్ని స్థాపించారు. సహకార సంఘమంటే దానం కాదు. సభ్యులే యజమానులై, నూలు కొనుగోలునూ బట్టల అమ్మకాన్నీ తమ చేతిలోకి తెచ్చుకొనే ఏర్పాటు. నేసే నేర్పు నేతగాళ్ళ దగ్గర ఉండనే ఉంది. వాళ్ళను ఒక్కచోటికి చేర్చే నేర్పు సోమప్పగారిది. ప్రభుత్వం 1954లో ఆయనను పద్మశ్రీతో గౌరవించింది. ఎమ్మిగనూరు పేరు చేనేతతో ముడిపడి నిలవడంలో ఆ కృషికి పెద్ద పాలు ఉంది.

పొరుగున ఉన్న తమిళనాడులో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామిగారి జీవితం మరొక పాఠం. 1918లో పల్లెటూళ్ళో పుట్టి, వైద్యవిద్య నేర్చి, ప్రసూతి వైద్యుడు కావాలనుకొన్నారు. ఇంతలో కీళ్ళవాతం సోకి మంచాన పడ్డారు. చేతివేళ్ళు వంకరపోయాయి. అనుకొన్న దారి మూసుకుపోయింది. ఆయన అక్కడితో ఆగక కంటి వైద్యం నేర్చుకొని, ఆ వంకర వేళ్ళతోనే శస్త్రచికిత్స సాధన చేశారు. ఉద్యోగ విరమణ చేసిన 1976లో మధురైలో పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. ఇచ్చుకోగలిగినవారి నుండి రుసుము తీసుకొని, ఆ రాబడితో ఇచ్చుకోలేనివారికి చూపు ప్రసాదించే పద్ధతిని నెలకొల్పారు. 2006లో ఆయన కన్నుమూసేనాటికి అది ప్రపంచంలోని పెద్ద కంటి వైద్యసంస్థలలో ఒకటిగా ఎదిగింది. మొదట కోరుకొన్నది దక్కకపోయినంత మాత్రాన బతుకు వ్యర్థం కాదని నిరూపించడానికి ఇంతకు మించిన ఉదాహరణ ఏముంటుంది?

నా గాయానికి దగ్గరి కథ మరొకటి ఉంది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించిన ఆచార్య శాంతా సిన్హాగారు తన తాతగారైన మామిడిపూడి వెంకటరంగయ్యగారి పేర నెలకొన్న సంస్థ ద్వారా రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పనిచేశారు. పనిలో ఉన్న పిల్లలను బడికి మళ్ళించడానికి, బడి మానినవారిని వారి వయసుకు తగిన తరగతిలో చేర్చేందుకు సిద్ధపరచే శిబిరాలు నడిపారు. 2003లో ఆమెకు రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఆ పురస్కారం కన్న నన్ను కదిలించినది వేరొకటి. ఆ ఉద్యమాన్ని మోసినవారిలో పల్లెటూరి యువతీయువకులెందరో ఉన్నారు. వారిలో చాలామంది తమ ఇంట మొదటిసారిగా చదువుకొన్నవారు. అంటే నావంటివారే. పేదవాడు బిడ్డను చదివించడానికి ఇష్టపడడని అనుకోవడం పొరపాటని, దారి చూపితే కడుపు మాడ్చుకొని అయినా చదివిస్తాడని వారు చేసి చూపించారు. మా చిన్నాయన గొంతులోని అలసట నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆయనకు ఆనాడు కావలసింది నీతిబోధ కాదు. కూతురిని ఉంచి పోవడానికి ఒక నమ్మకమైన చోటు. వలసపోయేవారి పిల్లల కోసం సర్వశిక్షా అభియాన్ కింద మా జిల్లాలో కాలానుగత వసతిగృహాలు తరువాతి కాలంలో వచ్చాయి. 2004లో బాలికల కోసం కస్తూరిబా గాంధీ విద్యాలయాల పథకం వచ్చింది. ఆరు నుండి పద్నాలుగేళ్ళ బాలబాలికల చదువు హక్కుగా 2010 ఏప్రిల్ 1 నుండి చట్టం అమలులోకి వచ్చింది. మా చెల్లెలికి మాత్రం అవన్నీ ఆలస్యమైపోయాయి.

నేను అధ్యాపకుణ్ణయ్యాక మా సార్ గీసిన నిలువుగీతను ఏటా నల్లబల్ల మీద గీస్తూ వచ్చాను. ఎడమ పక్క ఖాళీగా వదిలే విద్యార్థి ప్రతి తరగతిలోనూ ఉంటాడు. 2009లో అటువంటి అబ్బాయి ఒకడుండేవాడు. మార్కులు అంతంతమాత్రం, మాట అసలే తక్కువ. ఆ అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచెత్తింది. కర్నూలు నగరంలోకీ నీరు చొచ్చుకువచ్చింది. వరద తీసిన తరువాత మా విద్యార్థులను తీసుకొని బురద ఎత్తడానికి పోయాం. అందరూ పారలు పట్టుకొన్నారు. ఈ అబ్బాయి కొంతసేపు పార పట్టి, తరువాత కనబడలేదు. తప్పించుకొన్నాడేమోనని కోపంతో వెదికాను. ఒక ఇంటి ముందు మంచం వాల్చి, తడిసిన రేషన్ కార్డులు, పాసుపుస్తకాలు, చదువుల సర్టిఫికెట్లు ఒక్కొక్కటిగా విడదీసి ఆరబెడుతున్నాడు. చుట్టూ పదిమంది ముసలివాళ్ళు. ‘బువ్వ పొట్లాలు అందరూ ఇస్తాండారు సార్. ఈ కాగితాలు పోతే వీళ్ళకు రేపు ఏదీ రాదు’ అన్నాడు. పూర్తిగా చెడిపోయినవాటికి మారు ప్రతుల కోసం ఆ రాత్రి దాకా అర్జీలు రాశాడు. నేను గమనించనిది అతడు గమనించాడు. మరునాడు తరగతిలో అతణ్ణి పిలిచి, ఎడమ పక్క ఏమి రాయాలో ఇప్పుడు తెలిసిందా అని అడిగాను. తల వంచుకొని నవ్వాడు. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినప్పుడు అతడు అందులో ఉద్యోగి అయ్యాడు. అదే పని, ఈసారి జీతంతో.

అందుచేత మీకు చెప్పేదొక్కటే. గదిలో కూర్చుని ఆలోచించినంత మాత్రాన వృత్తి దొరకదు. పదిమందిలోకి పోయి, ఒక చిన్న పని నెత్తికెత్తుకొని, అది ముగిసేదాకా నిలబడితే, ఏ పనిలో మీకు ఆకలిదప్పులు తెలియలేదో మీకే తెలుస్తుంది. జాలితో చేసే సేవ నాలుగు రోజులు నిలుస్తుంది. నేర్పుతో చేసే సేవ నలభై ఏళ్ళు నిలుస్తుంది. కనుక ముందు మీ విద్యలో నేర్పు సంపాదించండి. నర్సు కాదలచినవారు మంచి నర్సు కండి. మోటారు బాగుచేయడం వచ్చినవారు ఎండిపోయే చేను గుర్తుపెట్టుకొని బాగుచేయండి. లెక్కలు వచ్చినవారు, లెక్క రానివాణ్ణి మోసపోనివ్వకండి. పని చిన్నదైనా పెద్దదైనా, ‘ఇది ఎవరి పక్షాన నిలుస్తుంది?’ అని ఒక్కసారి మిమ్మల్ని మీరు అడగండి.

2012 జూన్‌లో కళాశాల ప్రవేశాలు జరుగుతున్నాయి. దరఖాస్తుల బల్ల దగ్గర నేను కూర్చున్నాను. ఎండకు నల్లబడిన ముఖంతో ఒక స్త్రీ, వెంట పదహారేళ్ళ అమ్మాయి వచ్చి నిలబడ్డారు. ఆమె మా చెల్లెలు. సుగ్గికి పోయినా బిడ్డను మాత్రం హాస్టల్లో పెట్టి పదో తరగతి పూర్తి చేయించింది. నేను లేచి కుర్చీ వేశాను. దరఖాస్తు తీసి, అలవాటు కొద్దీ, పేరు రాయడానికి కలం మూత తీశాను.

ఆమె చెయ్యి చాచింది. ‘ఇటివ్వు అన్నా. ఆ పొద్దు నా పేరు నువ్వు రాస్తివి. ఈ పొద్దు దీని పేరు నేను రాస్తాను’ అంది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఇరవై అయిదేళ్ళ తరువాత కలం పట్టిన ఆ వేళ్ళు మిరప కోతలకు మొరటుబారి ఉన్నాయి. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగుతూ, నాలుక కొస పళ్ళ మధ్య నొక్కిపట్టి, ఆమె నెమ్మదిగా కూతురి పేరు రాసింది. అక్షరాలు కొంచెం వంకరగా ఉన్నాయి. నేను దిద్దలేదు. దరఖాస్తు అందుకొని, వరుస సంఖ్య వేసి, కట్టలో అన్నిటికన్న పైన పెట్టాను.